రూమ్మేట్‌కి ప్రశాంతత, నాకు గుండెదడ: గంజాయి విషయంలో ఎవరి మాట నిజం?

ప్రశ్న: నా వయసు 26. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మణికొండలో ముగ్గురం కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాం. రూమ్మేట్ ఒకడు రెండేళ్లుగా రోజూ రాత్రి గంజాయి తాగుతాడు. టెన్షన్ పోతుంది, హాయిగా నిద్ర పడుతుంది, మందు కంటే వెయ్యి రెట్లు నయం అంటాడు. ఉద్యోగం కూడా బాగానే చేసుకుంటున్నాడు. వాడి మాట విని నెల క్రితం నేనూ నాలుగు దమ్ములు లాగాను. పది నిమిషాల్లో గుండె దడదడలాడింది, చేతులు చల్లబడిపోయాయి, పక్క గదిలో వాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారనిపించింది. చచ్చిపోతానేమో అని భయం. మూడు గంటలు నరకం చూశాను. వాడేమో మొదటిసారి అలాగే ఉంటుంది, ఇంకో రెండుసార్లు తాగితే అలవాటైపోతుంది అంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యని అడిగితే, అక్కడ షాపుల్లోనే అమ్ముతారు, తనూ వీకెండ్‌లో ఒక గమ్మీ వేసుకుంటాడు, భయపడాల్సిందేం లేదన్నాడు. వాళ్లిద్దరికీ పడింది నాకెందుకు పడలేదు? (మా చిన్నాన్నకి ఏదో మానసిక సమస్య ఉంది, చాలా ఏళ్లుగా మందులు వాడుతున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.)

సలహా: సంబంధం లేదనుకోండి అని మీరే తీర్పు చెప్పేసి బ్రాకెట్లో పెట్టారు చూడండి, మీ ప్రశ్న మొత్తంలో నేను ఆగిపోయింది అక్కడే. దాని సంగతి చెప్తాను. ముందు మీ రూమ్మేట్ అబద్ధం చెప్తున్నాడా అన్న అనుమానం తీర్చేస్తాను, ఎందుకంటే అది మీ మనసులో ఉన్నట్టుంది.

అబద్ధం చెప్పడం లేదు. వాడికి హాయిగా ఉండటం నిజం, మీకు నరకం కనిపించడమూ నిజం. నేను మానసిక వైద్యుణ్ణి, ఓపీలో ఈ రెండు రకాల వాళ్లనీ చూస్తుంటాను. కొన్నాళ్ల క్రితం ఒకే రోజు పొద్దున ఇద్దరొచ్చారు. ఒకాయనకి నలభై దాటాయి, కాలేజీ రోజుల నుంచీ అప్పుడప్పుడూ తాగుతున్నాడట, నా దగ్గరకొచ్చింది సిగరెట్ మానడానికి. గంజాయి గురించి అడిగితే నవ్వేసి, "దాంతో నాకు గొడవేం లేదు డాక్టర్ గారూ" అన్నాడు. తర్వాత ఒక తల్లి ఇంజనీరింగ్ చదివే కొడుకుని వెంటపెట్టుకొచ్చింది. ఆ అబ్బాయి ఫోన్‌కి ముందు కెమెరా మీదా వెనక కెమెరా మీదా నల్లటి కరెంటు టేపు అంటించి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ టేపు అంచు ఊడిపోకుండా బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. ఏడాదిగా గంజాయి, గత నాలుగు నెలలుగా రోజుకి మూడు నాలుగుసార్లు. తల్లి దిష్టి తగిలిందనుకుని తాయెత్తు కట్టించింది, ఆ తర్వాత మా దగ్గరకు తీసుకొచ్చింది. మరి ఈ ఇద్దరిలో ఎవరి అనుభవాన్ని పట్టుకుని గంజాయి మీద తీర్పు చెప్పాలి?

అసలు జరిగేదేంటో చెప్తాను. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం బృందం దాన్ని విడదీసి చూపించింది. అది మెదడులో వెళ్లి పట్టుకునే రిసెప్టర్లు (కణాల మీద తాళం రంధ్రాల్లాంటివి) మనకి పుట్టుకతోనే ఉంటాయి, ఎందుకంటే అలాంటి పనే చేసే పదార్థాన్ని మన శరీరం తనంతట తానే తయారు చేసుకుంటుంది. 1992లో దాన్ని కనుక్కున్నప్పుడు మన 'ఆనంద' అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. పేరు బాగుంది కానీ ఆ వ్యవస్థ పని ఆనందం పంచడం ఒక్కటే కాదు. భయం, ఆకలి, జ్ఞాపకం, నిద్ర, ఇలా చాలా వాటిని అవసరమైన చోట అవసరమైనంత మేర సర్దుతుంటుంది. టీహెచ్‌సీ వస్తే ఆ కొలత పోతుంది, ఒకేసారి అన్ని చోట్లా స్విచ్ నొక్కినట్టవుతుంది. దాంతో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం తలకిందులు కావచ్చు.

2017లో షికాగోలో చేసిన ఒక చిన్న ప్రయోగం నాకు దీనికి మంచి ఉదాహరణగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 42 మందిని తీసుకుని, కొందరికి 7.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, కొందరికి 12.5 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఆపైన ఇంటర్వ్యూ లాంటి టెన్షన్ పనులు చేయించారు. తక్కువ డోసు వాళ్లకి టెన్షన్ తగ్గింది. ఎక్కువ డోసు వాళ్లకి పని మొదలుకాకముందు నుంచే మనసు చెడింది, పనీ సరిగ్గా చేయలేకపోయారు. మధ్యలో తేడా ఎంత? 5 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కంటే ఎంతో తక్కువ బరువు. మరి మీరు లాగిన నాలుగు దమ్ముల్లో ఎంతుందో మీకు తెలుసా, మీ రూమ్మేట్‌కి తెలుసా, వాడికి అమ్మినవాడికి తెలుసా? ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుంచి వచ్చే సరుకు కావచ్చు, హ్యాష్ ఆయిల్ (గంజాయి నుంచి తీసే ఘాటైన నూనె) పూసింది కావచ్చు, పొట్లం మీద లేబుల్ ఉండదు. అమెరికాలో పట్టుబడిన సరుకుని ఏటా పరీక్ష చేస్తే 1995లో సగటున 4 శాతం ఉన్న టీహెచ్‌సీ 2014కి 12 శాతం అయింది. అందుకే "మా కాలంలో కూడా తాగాం, ఏమైంది" అనే పెద్దవాళ్ల మాట ఇప్పటి సరుకుకి సరిపోకపోవచ్చు. పైగా వాడి ఒంటికి రెండేళ్ల అలవాటుంది. రోజూ తాగేవాళ్ల మెదడులో ఆ రిసెప్టర్లు తగ్గి మొద్దుబారతాయి, కాబట్టి వాడికి జోలపాట లాంటి దమ్ము మీకు పిడుగు. ఇందులో ధైర్యం, పిరికితనం అన్న మాటే లేదు.

ఇక వాడి నిద్ర సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చిరాకు మొదలవుతుంది, నిద్ర పట్టదు, పట్టినా ఉలిక్కిపడి లేచే కలలు, తిండి సహించదు, లోపల ఏదో ఆరాటం. మొదటి వారంలో ఇవి ఎక్కువగా ఉండి, చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతాయి, నిద్ర కుదురుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. 2013 నుంచి అమెరికన్ సైకియాట్రీ వాళ్ల జబ్బుల పుస్తకంలో కూడా దీన్ని చేర్చారు. ఇప్పుడు మీ రూమ్మేట్ ఊరెళ్లిన రెండు మూడు రోజులు ఎలా ఉంటుందో ఊహించండి. నిద్ర లేదు, అమ్మ మీద చిరాకు. తిరిగొచ్చి రెండు దమ్ములు లాగాడు, మేఘాలు విడిపోయినట్టైంది. వాడికి అర్థమయ్యేదేంటి? "చూశావా, ఇది లేకపోతే నేను నార్మల్‌గా ఉండలేను, ఇదే నా మందు" అని. నిజానికి గంజాయి వాడి టెన్షన్‌ని తీర్చిందా, లేక మానడం వల్ల వచ్చిన టెన్షన్‌ని తీర్చిందా? పొద్దున కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చే మనిషికి కాఫీ తలనొప్పికి మందులా కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. బయట నుంచి నేను తేల్చలేను, వాడూ తాగుతూ తేల్చుకోలేడు. తేలాలంటే ఒకటే దారి: నాలుగు వారాలు పూర్తిగా మానేసి, అప్పుడు నిద్రా మూడ్ ఎలా ఉన్నాయో చూసుకోవడం. ఈ మాట చెప్తే నా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామంది "ఎప్పుడైనా మానేయగలను సార్" అంటారు. అయితే ఈ సోమవారం నుంచి మొదలుపెడదామా అంటే క్యాలెండర్ తీసి పెళ్లిళ్లూ రిలీజులూ లెక్కపెడతారు.

వాడు పాడైపోయాడని నేననను. తాగిన ప్రతివాడూ బానిస అయిపోతాడని చెప్పడం అబద్ధం, అలా చెప్పి పోస్టర్లు వేసి మనమే కుర్రాళ్ల దగ్గర నమ్మకం పోగొట్టుకున్నాం. ఎప్పుడో ఒకప్పుడు వాడినవాళ్లలో సుమారు 9 శాతం మంది దానికి అలవాటు పడిపోతారని పాత అంచనా. టీనేజ్‌లో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు. రోజూ తాగేవాళ్లలో ఇంకా ఎక్కువ. మీవాడు రోజూ తాగేవాళ్ల లెక్కలోకి వస్తాడు, అది మాత్రం వాడికి చెప్పండి.

ఇప్పుడు బ్రాకెట్లోకి వద్దాం. చిన్నాన్నగారిది ఏ జబ్బో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో పేరు చెప్పరు, "నరాల బలహీనత" అనో "టెన్షన్ మాత్రలు" అనో అంటారు. అది స్కిజోఫ్రీనియా (లేనివి వినిపించడం, లేని అనుమానాలు పెంచుకోవడం ఉండే జబ్బు) గానీ బైపోలార్ (మూడ్ విపరీతంగా ఎగసి పడిపోయే జబ్బు) గానీ అయితే మీ కథ వేరు, మీ రూమ్మేట్ కథ వేరు. 1969-70లో స్వీడన్‌లో సైన్యంలో చేరడానికొచ్చిన 45 వేల మందికి పైగా కుర్రాళ్ల వివరాలు 15 ఏళ్ల తర్వాత తిరగేస్తే, 50 సార్లకంటే ఎక్కువ గంజాయి తాగామని చెప్పినవాళ్లకి స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం తాగనివాళ్లకంటే ఆరు రెట్లుంది. 2019లో యూరప్‌లోని పట్టణాలతో పాటు బ్రెజిల్‌లో కూడా చూస్తే, టీహెచ్‌సీ 10 శాతం దాటిన ఘాటు సరుకు రోజూ తాగేవాళ్లకి సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి) అవకాశం దాదాపు ఐదు రెట్లు.

దీని మీద వాదన లేదా అంటే ఉంది, అదీ చెప్పాలి. జబ్బు రాబోయే మనిషికి ముందు నుంచే మనసు బాగుండదు కాబట్టి వాడే గంజాయి వెతుక్కుంటూ వెళ్తాడని కొందరంటారు. రెండింటికీ కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉన్నాయన్నదీ నిజమే. గంజాయి తాగినవాళ్లలో అత్యధికులకి సైకోసిస్ రాదు. కానీ వాదన తేలేదాకా ఆగి చూద్దామనుకోవడం మీ లాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకి తెలివైన పని కాదు. ఎండు గడ్డి ఉన్న ఇంట్లో అగ్గిపుల్ల గీసి, మంట పుల్లదా గడ్డిదా అని వాదించుకున్నట్టుంటుంది.

పక్క గదిలో మీ గురించే మాట్లాడుకుంటున్నారనిపించింది అన్నారు కదా, దాన్ని పట్టుకుని ఇప్పుడు కంగారు పడొద్దు. 2004లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో పూర్తి ఆరోగ్యవంతులకి టీహెచ్‌సీ సూదిమందుగా ఇచ్చి చూస్తే వాళ్లలోనూ కాసేపు అలాంటి అనుమానాలు వచ్చాయి, తర్వాత పోయాయి. మీకూ మూడు గంటల్లో పోయింది. మంచిదే. అయితే మీ మెదడు ఏ వైపు ఒరుగుతుందో ఒకసారి చూపించింది, ఇంకో రెండుసార్లు తాగి అలవాటు చేసుకోవాల్సిన విషయం ఇది కాదు.

అన్నయ్యగారి సంగతి వేరే. న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి షాపులో అమ్ముతున్నారు, డబ్బా మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. వారానికి ఒకసారి, తెలిసిన డోసు, ఇంట్లో సోఫాలో కూర్చుని. మీవాడు రోజూ రాత్రి లాగేదానికీ దానికీ పోలికే లేదు, కాబట్టి ఆయన అనుభవం మీకు సాక్ష్యం కాదు. గమ్మీకి ఇంకో పేచీ ఉంది, ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏం కాలేదే అని ఇంకోటి వేసుకుని, రెండూ కలిసి ఎక్కి ఎమర్జెన్సీకి పరిగెత్తేవాళ్లు అక్కడ చాలామంది. అన్నయ్య వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఈ ముక్క కూడా చేరవేయండి: రాష్ట్రం అనుమతించినా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరమే, ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది ఆ చట్టాన్నే. ఏదైనా ఫారంలో గానీ ఇంటర్వ్యూలో గానీ ఈ ప్రశ్న వస్తే, జవాబిచ్చే ముందు లాయర్‌తో మాట్లాడమనండి.

సహజమైన మొక్కే కదా అన్న వాదన మీవాడు ఈపాటికి తెచ్చే ఉంటాడు. ఉమ్మెత్త కూడా మొక్కే. మందుగా వాడుతున్నారు కదా అంటే, వాడుతున్నారు, 2018లో అమెరికాలో పిల్లల్లో వచ్చే రెండు మొండి రకాల మూర్ఛలకి అనుమతి వచ్చింది, కానీ అది సీబీడీ అనే వేరే పదార్థం, మత్తెక్కించదు, మణికొండ పొట్లంలో ఉండేది అది కాదు.

చేయాల్సింది ఏంటంటే, మీరు మళ్లీ ముట్టుకోకండి, ఫ్లాట్‌లో వాడు తాగేటప్పుడు తలుపు మూసుకుని కూర్చోకుండా బయటికెళ్లండి. నెల గడిచింది కాబట్టి మీకు ఇప్పుడేమీ లేకపోతే డాక్టర్ అవసరం కూడా లేదు. అలా కాకుండా గంజాయి లేకుండానే అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, నాలుగైదు రాత్రులు వరుసగా నిద్ర లేకపోవడం, మనుషుల్ని తప్పించుకోవాలనిపించడం, వీటిలో ఏది కనిపించినా వారం ఆగకుండా సైకియాట్రిస్ట్‌ని కలవండి, ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. మీ రూమ్మేట్ మానాలనుకుంటే మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. పోలీసులకి తెలుస్తుందని వాడు భయపడితే ఒక మాట చెప్పండి: మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో తాగినందుకు ఆరు నెలల దాకా జైలు గానీ పది వేల దాకా జరిమానా గానీ రెండూ గానీ ఉన్నాయి, నిజమే, కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ కింద, అలవాటు పడిన మనిషి తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకి వెళ్లి పూర్తి చేసుకుంటే ఆ కేసు నుంచి రక్షణ ఉంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో పదిమందిలో ఒకరికైనా ఈ సంగతి తెలియదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు పిన్నిగారి దగ్గర కూర్చుని, చిన్నాన్నకి జబ్బు ఏ వయసులో మొదలైందో, మొదట్లో ఏం కనిపించిందో, ఇప్పుడు వాడే మాత్రల పేర్లేంటో అడిగి ఫోన్‌లో రాసుకోండి. చీటీ ఉంటే ఫొటో తీసుకోండి. పేర్లు పంపితే అది ఏ జబ్బు అయ్యుంటుందో, మీరు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.