బేకరీ కొన్నారు, పాత ఓనర్ జీఎస్టీ క్రెడిట్ మీ లెడ్జర్‌లోకి రాలేదు: సమాధానం

పాత ఓనర్ జీఎస్టీ పోర్టల్‌లో ఐటీసీ-02 ఫారం (మిగిలిన క్రెడిట్‌ని వ్యాపారం కొన్నవాళ్లకి బదిలీ చేసేది) వేసి ఉండరు, లేదా వేసినా మీరు యాక్సెప్ట్ చేసి ఉండరు. నడుస్తున్న బేకరీని మొత్తంగా కొన్నారు నిజమే, కానీ ఆయన లెడ్జర్‌లో (పోర్టల్‌లోని క్రెడిట్ ఖాతాలో) మిగిలిన క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టి ఇంకా వాడుకోని జీఎస్టీ, దానంతటదే మీకు రాదు.

1. అగ్రిమెంట్‌లో బాకీలు, బాధ్యతలు కూడా మీకే బదిలీ అవుతాయని రాసుండాలి. అది లేకపోతే క్రెడిట్ అడగలేరు.

2. ఆయన సీఏ సర్టిఫికెట్‌తో ఫారం వేయాలి. అది అయ్యేదాకా రిజిస్ట్రేషన్ రద్దుకు పెట్టొద్దని చెప్పండి.

3. చాలామంది మర్చిపోయేది ఇదే: ఆయన వేసేశారు కదా అని కూర్చుంటారు, కానీ పోర్టల్‌లో మీ లాగిన్‌లో యూజర్ సర్వీసెస్ కింద పెండింగ్‌లో ఉన్న ఐటీసీ-02 తెరిచి మీరు యాక్సెప్ట్ నొక్కితేనే క్రెడిట్ పడుతుంది. వచ్చిన స్టాకు, ఓవెన్లు మీ పుస్తకాల్లో ఎక్కించండి.

మీరు ఆయనకి ఇంకా డబ్బు ఇవ్వాల్సి ఉంటే కొంత ఆపుకోండి. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 85 ప్రకారం బదిలీ నాటికి ఆయన కట్టని పన్నుకి మీరూ బాధ్యులే.