చెయ్యి తీస్తే పిల్లాడు ఆగిపోతున్నాడు
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నేను మూడో తరగతి టీచర్ని. మా క్లాసులో ఎనిమిదేళ్ల బాబుకి చదవడం కష్టం. ఖాళీ పీరియడ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి చదివిస్తాను. నాతో అయితే పేజీ మొత్తం చదువుతాడు. నేను లేచి వెళితే మొదటి లైన్ దగ్గరే ఆగిపోయి నా మొహం చూస్తాడు. తోటి టీచర్లు ‘అంత చనువిస్తే నెత్తికెక్కుతారు, సొంతంగా ఏదీ చెయ్యరు’ అంటున్నారు. నా వల్లే వాడు పాడవుతున్నాడా మేడమ్?

జవాబు: లేదమ్మా. మీ తోటివాళ్లు రెండు వేరు విషయాల్ని ఒకే మూటలో కట్టేశారు. చనువు ఒకటి, వాడి పని మీరు చేసిపెట్టడం ఇంకొకటి. చనువు ఎంతున్నా నష్టం లేదు. చేసిపెట్టడం మాత్రం రోజురోజుకీ తగ్గుతూ రావాలి. మీ ఉత్తరం చదువుతూ ‘వేలు పెట్టి’ అన్న మాట దగ్గర ఆగాను. ఆ వేలు ఎవరిది? మీదే అయితే సగం చదువుతున్నది మీరే.

నేను 28 ఏళ్లు చిన్న క్లాసులకే చెప్పాను. ఒక పాప ఉండేది, పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు తెల్లగా పాలిపోయేంత గట్టిగా బిగించేది. తన చేతి మీద నా చెయ్యి వేసి రాయించేదాన్ని. చక్కగా వచ్చేవి అక్షరాలు. తల్లి ఆ నోట్‌బుక్ చూసి మురిసిపోయేది, నేనూ మురిసిపోయేదాన్ని. నిజానికి అది నా దస్తూరీ! ఒకరోజు చెయ్యి తీసేశాను. పాప ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని మళ్లీ తన చేతి మీద పెట్టుకుంది. నవ్వొచ్చింది కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి చెయ్యి మీద కాకుండా మోచేతి దగ్గర పట్టుకున్నాను. కొన్నాళ్లకు బల్ల అంచు మీద ఒక వేలు మాత్రం ఆనించి కూర్చునేదాన్ని. పాప ఒక అక్షరం రాసి ఆ వేలు వంక చూసేది. వేలు అక్కడే ఉందని చూసుకుని ఇంకో అక్షరం. ఇలా దాదాపు రెండు నెలలు. ఒకరోజు గాలికి కిటికీ కొట్టుకుంటుంటే వెయ్యడానికి లేచాను. తిరిగొచ్చేసరికి లైన్ పూర్తయింది. ‘మీరు లేరు, నేను రాసేశాను’ అంది, నామీద ఫిర్యాదు చేస్తున్నట్టుగా.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత చెక్క దిమ్మలతో పిరమిడ్ కట్టించి, పక్కన కూర్చుని నేర్పే టీచర్ ఎలా సాయం చేస్తుందో గమనించారు. ఆ సాయాన్ని వాళ్లు పరంజాతో పోల్చారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నిలబడడానికి కర్రలతో కడతారే, అది. గోడ లేచిన కొద్దీ దాన్ని విప్పుతూ రావాలి. మీరు పరంజా బ్రహ్మాండంగా కట్టారు. విప్పడం మొదలుపెట్టలేదు, అంతే.

ఇక దగ్గరితనం సంగతి. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆవిడ తోటివాళ్లు నడివయసు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇలాంటివి మీదపడ్డ పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకుని మంచి మనుషులయ్యారు. వాళ్ల జీవితాల్లో పదే పదే కనిపించింది, తమని పట్టించుకునే ఒక్క పెద్ద మనిషైనా ఉండడం. అది కన్నవాళ్లే కానక్కర్లేదు. అమ్మమ్మ కావచ్చు, పొరుగావిడ కావచ్చు, టీచర్ కావచ్చు. స్టాఫ్ రూములో ఈసారి నెత్తికెక్కే మాట వస్తే ఇది చెప్పండి.

రేపటి నుంచి వేలు వాడిదే పెట్టించండి. ఒక మాట దగ్గర ఆగితే మీరు మనసులో ఐదు లెక్కపెట్టాకే నోరు విప్పండి. (ఆ ఐదు అంకెలూ ఎంత పొడుగ్గా ఉంటాయో మీకే తెలుస్తుంది.) అప్పుడు కూడా మాట మొత్తం అందించకండి, మొదటి అక్షరం చాలు. వదిలి వెళ్లేటప్పుడు కొత్త పేజీ ఇచ్చి వెళ్లకండి, నిన్న మీతో చదివిన పేజీయే ఇవ్వండి. ‘కిటికీ దగ్గర ఉంటాను, రెండు లైన్లయ్యాక వస్తాను’ అని చెప్పి సరిగ్గా రెండు లైన్లకే రండి. చెప్పి రాకపోతే మాత్రం ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలే. ఇవన్నీ చేసినా కొన్ని నెలల్లో ఏ కదలికా లేకపోతే కళ్లు, చెవులు పరీక్ష చేయించమని, డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే సమస్య) ఉందేమో నిపుణులకు చూపించమని ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. అప్పుడు కూడా వాడికి మీరు కావాలి.

ప్రశ్న: మా అత్తయ్యగారికి డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బు). ఒళ్లు తుడవడం, బట్టలు వెయ్యడం, అన్నీ నేనే చేస్తాను. ఏ లోటూ రానివ్వను. మొన్న గట్టిగా నా చెయ్యి తోసేసి ‘నేనేమైనా సామానునా?’ అన్నారు. ఇంత చేసినా ఈ మాట పడాలా?

జవాబు: మాట పడడం కష్టమే. మీ స్థానంలో నేనైతే ఆ పూట ఏడ్చేదాన్ని. కానీ ఆవిడ అడిగింది చాలా తెలివైన ప్రశ్న.

మా నాన్నకు పక్షవాతం వచ్చాక నాలుగేళ్లు చూసుకున్నాను. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని, చకచకా, అర నిమిషంలో. ఫిజియోథెరపీ చెప్పడానికి వచ్చిన అమ్మాయి ఒకరోజు అది చూసి ‘ఆంటీ, మీ చేతులు కాసేపు వెనక్కి కట్టుకోండి’ అంది. ఆరు గుండీలకు నాన్నకి 11 నిమిషాలు పట్టింది. నాలుగోది తప్పు కన్నంలో పడింది. సరిచెయ్యబోతే ఆ అమ్మాయి నా వంక ఉరిమి చూసింది. ఆ రోజంతా నాన్న వంకర చొక్కాతోనే దర్జాగా కూర్చున్నారు. అప్పటిదాకా నేను చేసింది సేవే, కాదనను. అందులో నా తొందర ఎంతుందో మాత్రం ఆ రోజే తెలిసింది.

డిమెన్షియా ఉన్నవాళ్ల గురించి చాలా ఆలోచించిన బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ ఒక జాబితా ఇచ్చాడు. మనం చెడ్డ ఉద్దేశం లేకుండానే చేసే తప్పులవి. వాళ్లు అందుకోలేనంత వేగంగా పని కానిచ్చెయ్యడం, చిన్నపిల్లల్లా చూడడం, ఎదురుగా ఉండగానే లేనట్టు పక్కవాళ్లతో మాట్లాడుకోవడం, చేసుకోగలిగిన పని కూడా చేసుకోనివ్వకపోవడం. చదువుతుంటే నా నాలుగేళ్లూ కళ్ల ముందు తిరిగాయి.

1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో వాళ్లకి ‘మీ సంగతులు మీరే నిర్ణయించుకోండి’ అని చెప్పి, కావాలంటే ఒక మొక్కని ఎంచుకోమని, నీళ్లు తామే పోసుకోమని అన్నారు. ఇంకో అంతస్తులో మొక్క చేతికిచ్చి, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. ఆదరణలో తేడా లేదు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటివాళ్లు హుషారుగా ఉన్నారు, నలుగురితో కలుస్తున్నారు. ఆ ప్రయోగం డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం చేసింది కాదు, మీ అత్తయ్యగారి స్థితి వేరు. అయినా రెండు చీరలు చూపించి ‘ఏది అత్తయ్యా?’ అని అడగొచ్చు కదా. మూడు చూపిస్తే గాభరా పడతారు, రెండు చాలు. తడిబట్ట ఆవిడ చేతికివ్వండి, మొహం ఆవిడే తుడుచుకుంటారు. మిగతాది మీరు. ముట్టుకునే ముందు ‘ఇప్పుడు వీపు తుడుస్తాను’ అని ఎదురుగా నిలబడి చెప్పండి. వద్దంటే పావుగంట ఆగి మళ్లీ అడగండి. ఈ కోపం హఠాత్తుగా మొదలైతే మాత్రం డాక్టర్‌కి చూపించండి. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి చెప్పుకోలేక కూడా ఇలా చేస్తుంటారు.

ప్రశ్న: 11 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. నవ్వు మొహం పెట్టుకుని తిరుగుతాను గానీ లోపల చిరాకు. ఒక్కోసారి రోగి పిలిస్తే వినబడనట్టు నటిస్తున్నాను. నేను చెడ్డవాణ్ణయిపోయానా?

జవాబు: అలసిపోయావు తమ్ముడూ. సాయం చేసేవాడికి ఎలాంటి గుణాలుండాలో అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసినదాంట్లో మూడింటిని ఎక్కువగా చెప్పుకుంటారు. ఎదుటివాడి బాధని వాడి వైపు నుంచి చూడడం, షరతుల్లేకుండా ఆదరించడం, లోపలా బయటా ఒకేలా ఉండడం. మొదటి రెండింటినీ ట్రైనింగుల్లో అందరూ ఊదరగొడతారు. మూడోది ఎవరూ ఎత్తరు. ఆయన రాసింది కౌన్సెలింగ్ చేసేవాళ్ల గురించే అయినా నీకూ పనికొస్తుంది. చిరాకుంటే రోగి మీద అరవమని కాదు దానర్థం. ఉన్న చిరాకుని లేదని నీకు నువ్వే చెప్పుకోకూడదని. అవసరమైతే తోటివాళ్లతోనో పై అధికారితోనో చెప్పుకోవాలని కూడా ఆయనే అన్నాడు. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెబుతారు కదా, ఆ తర్వాత ఐదు నిమిషాలు నీ సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషిని చూసుకో. నిద్ర కూడా కరువైతే నువ్వే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, సిగ్గుపడొద్దు.

ఉత్తరం చివర ‘ఇది వెయ్యొద్దు’ అని రాసి, మళ్లీ నువ్వే కొట్టేశావు. కొట్టేశావు కాబట్టే వేశాను.