అయిదు పప్పులు కలిపి వండితే ప్రొటీన్ లోటు తీరుతుందా?

ప్రశ్న: నా వయసు 52, బరువు 60 కిలోలు. మేం గుడ్డు కూడా ముట్టం. కంది, పెసర, శనగ, మినప, ఎర్ర పప్పులు కలిపి వండితే మాంసంతో సమానమైన ప్రొటీన్ అందుతుందని విని రోజూ అలాగే చేస్తున్నాను. నలుగురికి ఒక చిన్న గ్లాసు పప్పు పోస్తాను. షుగర్ వస్తుందేమోనని అన్నం దాదాపు మానేశాను. మా వారికి క్రియాటినిన్ 1.8 ఉంది. ఈ పద్ధతి సరైనదేనా? – ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: పప్పులు కలిపి వండటం మంచి అలవాటే కానీ, మీరు ఆశించిన ఫలితం దానివల్ల రాదు. పప్పులన్నింటిలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను ఏర్పరిచే భాగం) పుష్కలంగా, మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువగా ఉంటాయి కాబట్టి, అయిదు రకాలు కలిపినా ఆ లోటు చాలావరకు అలాగే ఉంటుంది. దాన్ని పూడ్చేవి బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలు. వాటిలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు అందిస్తుంది. మీరు మానేసిన అన్నమే మీ పప్పుకు అసలు తోడు. అన్నం వద్దనుకుంటే జొన్నరొట్టె తినండి. బియ్యమైనా జొన్నలైనా వండకముందు మూడు పాళ్లకు ఒక పాలు పప్పు ఉంటే చాలు. ఇడ్లీలో మినపప్పుకు బియ్యపు రవ్వ, పెసరట్టుకు ఉప్మా ఇలా కుదిరిన జతలే. నువ్వుల్లో మిథియోనిన్ బాగా ఉంటుంది కనుక నువ్వుల పొడి కూడా మేలు చేస్తుంది. ఇవన్నీ ఒకే పూట తినాల్సిన పని లేదు, ఆ రోజులో ఎప్పుడు తిన్నా శరీరం వాడుకుంటుంది.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీ గ్లాసు కొలత. చిన్న గ్లాసులో సుమారు 100 గ్రాముల పప్పు పడుతుందనుకుంటే ఒక్కొక్కరికి 25 గ్రాములు, అంటే అయిదారు గ్రాముల ప్రొటీన్ మాత్రమే వస్తుంది. మీ బరువుకు రోజుకు కనీసం 50 గ్రాములు కావాలి. పాలు, గుడ్లు లేని ధాన్యం-పప్పుల భోజనమైతే 60 గ్రాముల దాకా అవసరమవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కిలోక్యాలరీల ఆహారానికి 85 గ్రాముల పప్పుధాన్యాలను సూచించింది. పప్పును పలుచన చేసి చారులా పోసుకునే ఇళ్లలో ఈ లోటు ఇంకా పెద్దది. కాబట్టి మధ్యాహ్నం పప్పు గట్టిగా వండుకోండి, ఉదయం పెసరట్టో ఇడ్లీయో, సాయంత్రం ఉడికించిన అలసందలో శనగలో తినండి. పాలు, పెరుగు పడితే రోజుకు పావు లీటరు తీసుకోండి, అందులోంచి ఎనిమిది గ్రాముల ప్రొటీన్ వస్తుంది. కడుపు ఉబ్బరం రాకుండా శనగలు, అలసందలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించండి.

మీ వారికి మాత్రం ఈ కొలతలు వర్తించవు. క్రియాటినిన్ 1.8 అంటే కిడ్నీల పనితీరు తగ్గిందేమో చూడాల్సిన స్థాయి. ఆయన పప్పు పెంచకూడదు, ప్రొటీన్ పౌడర్లు అసలే వద్దు. ముందు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంచనా), పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలు చేయించి నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్యుణ్ని) కలవండి. మీ వారి పప్పు కొలతను ఆ డాక్టరే నిర్ణయించాలి. అప్పటిదాకా మీ వారికి ఇప్పుడు వడ్డిస్తున్నంతే వడ్డించండి.