హెరాల్డ్ బంపరుకి తెల్ల రబ్బరు: లాగొద్దు, నెట్టండి

మీది 1964 నాటి బ్రిటిష్ కారు, ట్రయంఫ్ హెరాల్డ్ 1200. దాని బంపరు మీద ఉండే తెల్ల రబ్బరు తొడుగు కొత్తది వేస్తే మధ్యలో అలలు అలలుగా ఉంది, వారం తిరక్కుండానే చివర అరంగుళం ఖాళీ వచ్చింది, ఎందుకని అడిగారు. నేను ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటానండీ, నాదీ 1200యే. ముందుదీ వెనకదీ రెండు బంపర్లూ ఇంటి దగ్గరే చేసుకున్నాను.

తొడిగేటప్పుడు రబ్బరుని లాగి ఉంటారు. లాగితే సాగి చివరిదాకా అందినట్టే ఉంటుంది, మిగిలింది కోసేస్తాం. ఆ తర్వాత అది మెల్లగా తన అసలు పొడవుకి వచ్చేస్తుంది. పైగా సాగిన చోట సన్నబడి, సాగని చోట ఉబ్బుతుంది. మీకు కనిపిస్తున్న అలలు అవే.

ముందు బంపరుని కారు నుంచి విప్పేయండి. కారు మీద ఉండగానే చెయ్యొచ్చని కొందరంటారు గానీ, నేను ఒప్పుకోను. కింది అంచుకి చెయ్యి అందదు. విప్పితే ఇంకో లాభం, రబ్బరు కింద దాక్కున్న తుప్పు బయటపడుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నీళ్లు రబ్బరు వెనకకి చేరితే ఇక ఆరవు. ఎమ్రీ పేపరుతో రుద్ది, ప్రైమరు, పెయింటు వేసి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి. అంచు మీద పెయింటు బొట్టు కట్టినా రబ్బరు అక్కడే మొరాయిస్తుంది.

రబ్బరు చుట్టగా వస్తుంది కదా, ముందురోజే విప్పి నేల మీద తిన్నగా పరచండి. తొడిగే ముందు చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లలో పావుగంట నానబెట్టండి. మా ఇంట్లో స్నానాల టబ్బు ఒక పూట దీనికే పోయింది, ఆ గొడవ ఇక్కడెందుకులెండి. విజయవాడలోనో వరంగల్‌లోనో మే నెలలో చేసేవాళ్లకి వేడినీళ్లతో పనే లేదు, ఎండలో పెడితే చాలు.

జారడానికి గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి అంచులకీ రబ్బరు లోపలి గాడికీ రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, తెలుపు మీద మరక కూడా పోదు.

రబ్బరు మధ్యనీ బంపరు మధ్యనీ పెన్సిలుతో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ముందు పై అంచు పొడవునా ఎక్కించి, తర్వాత కింది అంచుకి రండి. బిగుతు దిండుకి గలీబు తొడిగినట్టు, జానెడు జానెడు లోపలికి నెట్టుకుంటూ, ప్రతి జానెడుకీ రబ్బరుని మధ్య వైపుకి కాస్త వెనక్కి తోయండి. ఇద్దరుంటే మేలు, ఒకరు పట్టుకుంటే ఒకరు నెట్టొచ్చు. కింది అంచు ఎక్కకపోతే గాడిలో గట్టి నైలాన్ తాడు పెట్టి, రబ్బరుని అంచుకి ఆనించి తాడు మెల్లగా లాగండి, గాడి పక్కనుండే రబ్బరు పెదవి దానంతటదే బంపరు అంచు మీదకి వస్తుంది. కార్ల అద్దాలు బిగించేవాళ్లు చేసేది ఇదే. స్క్రూడ్రైవరు మాత్రం ముట్టుకోకండి. మొండి ప్లాస్టిక్ గరిటె కాడ చాలు.

రెండు చివరలా అంగుళం మిగిల్చి, ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు కొత్త బ్లేడు సబ్బునీళ్లలో ముంచి, వెనక చెక్కముక్క ఆనించి, ఒకే కోతలో తెంపండి. ఇప్పుడు తొడిగి ఉన్న ముక్క పొట్టిగా ఉందంటే దాన్ని జిగురుతో సాగదీసి అతికించే పని పెట్టుకోకండి, మళ్లీ ఊడుతుంది. కొత్తది కొనుక్కోవడమే మంచిది.

కింద కామెంట్లలో ఇంకొకరు, ఈ కారుకే మన దేశపు రూపమైన, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి ఇదే రబ్బరు పడుతుందా అని అడిగారు. పేరు చూసి ఆర్డరు పెట్టేయకండి. పాత రబ్బరు ఉంటే ఒక అంగుళం ముక్క కోసి, కోసిన వైపు ఫోటో తీసి, బంపరు అంచు మందం కొలతతో సహా అమ్మేవాళ్లకి పంపండి. సరిపోతుందని వాళ్లు చెప్పాకే డబ్బు కట్టండి.