ముందు ఆ ట్రంపెట్ వరస నోటికి రానీ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆస్ట్రియా స్వరకర్త ఫ్రాంజ్ ష్మిట్ నాలుగో సింఫనీ పావుగంట విని ఆపేశానన్నావు. ఎటు పోతోందో అర్థం కాలేదన్నావు. మూడోసారి దాకా నాకూ కాలేదు.

ఈసారి మొత్తం పెట్టుకోకు. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, పక్కన ఏ వాద్యమూ లేకుండా, ఒక వరస వాయిస్తుంది. అంతవరకే విని ఆపెయ్. కూనిరాగం తీసేటంతగా నోటికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే విను, రెండు రోజులు పట్టినా సరే. సంగీతం నేర్చుకున్నదానివి, శ్రుతిపెట్టె మీదికి చెయ్యి పోతుంది. పోనివ్వకు. పేరుకి సి మేజర్ శ్రుతే గానీ షడ్జం ఇదిగో అనుకునేలోపే జారిపోతుంది. ఆయన కావాలనే అలా రాశాడు.

ఎందుకో చెప్పకూడదనుకున్నాను, కథ తెలిస్తే చెవికి బద్ధకం వస్తుంది. అయినా చెప్తున్నా. 1932లో ఆయన కూతురు ఎమ్మా తొలికాన్పు తర్వాత చనిపోయింది. 1933లో ఇది రాసి, నా కూతురికి రిక్వియం, అంటే మృతులకు నివాళిగా రాసే సంగీతం, అన్నాడు.

నాలుగు భాగాలూ ఆగకుండా ముప్పావుగంట నడుస్తాయి. మధ్యలో ప్రకటనలు వచ్చే చోట వినొద్దు. రెండో భాగంలో చెల్లో, అదే వయొలిన్ జాతి పెద్ద వాద్యం, ఒంటరిగా మొదలవుతుంది. ష్మిట్ వియన్నా ఆస్థాన ఒపేరాలో వాద్యబృందాన్ని నడిపించిన మాలర్ కింద చెల్లో వాయించినవాడు. ఆ వాద్యానికి ఎక్కడ గొంతు పూడుకుపోతుందో ఆయనకు వేరే చెప్పాలా? ఆ వెనకే డ్రమ్ము అడుగులేస్తూ శవయాత్ర వస్తుంది. అక్కడ లేచి కాఫీ పెట్టుకోకు. మూడో భాగం హుషారుగా పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఆ తర్వాత ఫ్రెంచ్ హారన్ వాద్యాలు ఏదో ఎత్తుకుంటాయి. నువ్వు నోటికి తెచ్చుకున్న వరసే అది! రెండు రోజుల శ్రమా ఆ ఒక్క క్షణం కోసమే. చివర మళ్లీ ట్రంపెట్ ఒక్కటే మిగులుతుంది.

మొదట్లో సన్నగా ఉందని సౌండు పెంచావో, శవయాత్ర పతాకానికి చేరేసరికి చెవులు చిల్లులు పడతాయి. వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కండక్టర్ జుబిన్ మెహతా 1971లో చేసిన రికార్డింగు పెట్టుకో, మన బొంబాయిలో పుట్టినాయనే.

పండక్కి వచ్చినప్పుడు ఆ వరస నాకు పాడి వినిపించాలి. మీ అత్తయ్య వంటింట్లో ఉన్నప్పుడు మాత్రం వద్దు, ఆవిడ దాన్ని ఏడుపు బూర అంటుంది.

ఇట్లు,
మావయ్య