కస్టమర్ల లిస్టు ఎవరిది? ఓటీపీ వచ్చేవాడిదా, బిల్లు కట్టేవాడిదా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు ఆర్వో వాటర్ ప్యూరిఫైయర్ల షాపు ఉంది. అమ్మకం, సర్వీసు రెండూ చేస్తాం. ఎవరికి ఎప్పుడు ఫిల్టర్ మార్చాలి, ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) ఎప్పుడు అయిపోతుంది అన్నవి ఒకప్పుడు లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవాళ్లం. మూడేళ్ల క్రితం నెలనెలా డబ్బు కట్టే సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు దాచుకునే) సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. నాకు కంప్యూటర్ అంతగా రాదు. మా సేల్స్ కుర్రాడే తన జీమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో అకౌంట్ తెరిచాడు. డబ్బు మా షాపు కరెంట్ అకౌంట్ నుంచే పోతోంది. బిల్లు మా పేరు మీదే వస్తుంది. రెండు నెలల క్రితం అతను మానేసి పట్టాభిపురంలో సొంత షాపు పెట్టాడు. ఓటీపీలు ఇప్పటికీ అతనికే వెళ్తున్నాయి. కంపెనీవాళ్లను అడిగితే ‘మెయిల్ ఎవరిదో అకౌంట్ వాళ్లదే’ అంటున్నారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే రోజుల్లో మా అక్క నంబరును ఉత్తుత్తి కస్టమరుగా ఎక్కించాను. వాళ్లింట్లో ఆర్వోనే లేదు, క్యాన్ నీళ్లు తాగుతారు. మొన్న అతని షాపు నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది, ‘మేడమ్, మీ ఫిల్టర్ మార్చే టైమైంది’ అని. చేరేటప్పుడు, మానేశాక మూడేళ్లు జిల్లాలో ఇదే వ్యాపారం చేయనని 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసిచ్చాడు. అతని ఆఖరి నెల జీతం, ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి. అతని షాపు మూయించవచ్చా? అతని జీమెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు, లోపలికి వెళ్లి లిస్టు తెచ్చుకోవచ్చా? కొత్త సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు పాస్‌వర్డ్ సంగతి. దయచేసి ఆ పని చేయకండి. లిస్టు మీదే కావచ్చు, మెయిల్ మాత్రం అతనిది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం 2000లోని 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. నా లిస్టే కదా అని కోర్టులో వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన ముద్దాయిగా నిలబడి చేయాల్సి వస్తుంది. ఇప్పుడు న్యాయం మీ వైపు ఉంది. ఒక్క లాగిన్‌తో దాన్ని పోగొట్టుకోవద్దు.

షాపు మూయించడం కుదరదు. ఒక మనిషి బతుకుతెరువును అడ్డుకునే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 1872, 27వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోటీ వ్యాపారం చేయనంటే అది నిలుస్తుంది. మానేశాక కూడా చేయనంటే నిలవదు. 1980లోనే, సుప్రీంకోర్టు సూపరింటెండెన్స్ కంపెనీ కేసు తీర్పులో, జస్టిస్ ఏ.పి. సేన్ ఈ మాట స్పష్టంగా రాశారు. స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన చెల్లనిది చెల్లుబాటు కాదు. అయితే ఆ కాగితాన్ని చింపేయకండి. అందులో ‘షాపు వివరాలు బయటపెట్టను’ అని ఒక్క లైను ఉన్నా అది మనకు పనికొస్తుంది.

ఎందుకంటే అసలు గొడవ షాపు గురించి కాదు, లిస్టు గురించి. అతను మీ దగ్గర నేర్చుకున్న పని, తనకు గుర్తున్న ముఖాలు, తనతో పరిచయమైన ఇళ్లు అతనివే. వాటిని ఏ కోర్టూ లాక్కోదు. మీ కంప్యూటరులోంచి కాపీ చేసుకున్నది వేరు. సమాచారాన్ని పోగుచేసి పేర్చిన డేటాబేస్ కూడా కాపీరైట్ చట్టం 1957లో సాహిత్య రచన నిర్వచనం కిందికి వస్తుంది. 1995లో ఢిల్లీ హైకోర్టు బర్లింగ్టన్ హోమ్ షాపింగ్ కేసులో ఒక మాజీ ఉద్యోగి తీసుకుపోయిన కస్టమర్ల చిరునామాల జాబితాకు ఈ రక్షణ ఇచ్చి, వాడకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) ఇచ్చింది. రెండో వైపు కూడా చెప్పాలి. 2006లో అదే హైకోర్టు, ఒక బ్యాంకు తన మాజీ ఉద్యోగిని మీద వేసిన దావాలో, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు రహస్యమనే సాకుతో మనిషిని కట్టిపడేయకూడదని ఇంజంక్షన్ నిరాకరించింది. అవతలి లాయరు ఈ రెండో తీర్పునే పట్టుకుంటారు. ‘నాకు గుర్తున్నవాళ్లకే ఫోన్ చేశాను’ అంటారు.

అక్కడే మీ అక్కగారి ఫోన్ కాల్ విలువ తెలుస్తుంది. ఆ ఇంట్లో ఆర్వో లేదు. ఎవరూ ఎప్పుడూ ఫిల్టర్ మార్చడానికి వెళ్లలేదు. లేని మిషనుకు లేని తేదీ ఒక్క మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కాబట్టి అది గుర్తుపెట్టుకుని చేసిన ఫోన్ కాదు, లిస్టు చూసి చేసిన ఫోన్. ఇంత శుభ్రమైన సాక్ష్యం నాకు చాలా అరుదుగా కనబడింది. ఆమె ఫోనులో కాల్ హిస్టరీ చెరిపేయవద్దని చెప్పండి. కొత్త ఫోన్ కొన్నా పాతది మార్పిడికి ఇవ్వవద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఆ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయరు తయారుచేయిస్తారు. అదే కాల్ ఇంకెవరైనా కస్టమర్లకు వచ్చి ఉంటే, వాళ్లలో ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెబుతారేమో మెల్లగా కనుక్కోండి.

యజమాని అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. నష్టపరిహారం కావాలంటే రాష్ట్ర ఐటీ కార్యదర్శే అడ్జుడికేటింగ్ ఆఫీసరు (విచారించి తేల్చే అధికారి), 5 కోట్ల వరకు క్లెయిములు ఆయనే వింటారు. మనకైతే వెలగపూడి సచివాలయం. లిస్టు వాడకుండా ఆపే ఇంజంక్షన్ మాత్రం కోర్టులోనే. కాపీరైట్ దావాను మీరు వ్యాపారం చేసే చోటే వేసుకోవచ్చు. నా సలహా, ముందు నోటీసు, వెంటనే ఇంజంక్షన్. పోలీసు కేసు రెండో అడుగుగా ఉంచుకోండి. మీకు కావలసింది అతన్ని స్టేషన్ చుట్టూ తిప్పడం కాదు, ఆ ఫోన్లు ఆగడం.

ఇక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ‘మెయిల్ ఎవరిదో అకౌంట్ వాళ్లదే’ అన్న మాటకు జవాబు మీ ఆడిటరు దగ్గరే ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో మీ జీఎస్టీఆర్-2బి (మీకు అమ్మినవాళ్లు మీ నంబరు కింద ఎక్కించిన బిల్లుల పట్టిక) తెరిపించండి. బిల్లు మీ పేరు మీద వస్తోందంటున్నారు. దాని మీద మీ జీఎస్టీ నంబరు ఉంటే, నెలనెలా ఆ బిల్లును మీ నంబరు కింద ఎక్కించింది వాళ్లే. అంటే వాళ్ల లెక్కల్లోనే కస్టమరు మీ షాపు. ఆ పేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, షాపు రిజిస్ట్రేషన్ జతచేసి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా లెటరు పంపండి. మూడు విషయాలు అడగండి. అడ్మిన్‌ను మార్చాలి, అతని లాగిన్ ఆపాలి, ఎవరు ఎప్పుడు లిస్టు డౌన్‌లోడ్ చేశారన్న లాగ్ చెరిపేయకుండా భద్రపరచాలి. ఈ మూడోదే చాలామంది మర్చిపోతారు. కోపంతో నెల డబ్బు మాత్రం ఆపకండి. కట్టకపోతే అకౌంట్ మూసి డేటా తీసేసే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ‘నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను’ అని ఒక మెయిల్ పెట్టి కట్టండి.

వాళ్లు మొండికేస్తే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు అనుకుంటారేమో. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి అక్కడ గట్టి అభ్యంతరం వస్తుంది. ఒప్పందంలో ఏ ఊరి కోర్టు అని ఉందో, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉందో చూడాలి. ఆ కాపీ నాకు పంపండి.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏదన్నారు. పేరు చెప్పడం నా పని కాదు, కొనేముందు ఏం చూడాలో చెప్తాను. ఫ్రీ ట్రయల్ రోజుల్లోనే 20 పేర్లు ఎక్కించి, సర్వీసు తేదీలు, టెక్నీషియన్ రాసిన రిమార్కులతో సహా మొత్తం బయటికి తీసి చూడండి. కొన్నిట్లో పేరు, ఫోన్ నంబరు మాత్రమే వస్తాయి, హిస్టరీ రాదు. ఆ హిస్టరీ లేకపోతే మీకు మిగిలేది ఫోన్ డైరెక్టరీయే. గడువు తీరాక డేటాను ఎన్ని రోజులు ఉంచుతారో రాతలో తీసుకోండి. అకౌంట్ షాపు మెయిల్‌తో, షాపు సిమ్ముతో, మీ చేత్తో తెరవండి. ఎంత టెన్షన్‌గా ఉన్నా ఆ ఒక్క పని ఇంకొకరికి అప్పగించకండి. ఏ రోజుకు ఆ రోజు వెళ్లాల్సిన ఇళ్ల చిరునామాలు తప్ప టెక్నీషియన్‌కు ఇంకేమీ కనబడకూడదు. డౌన్‌లోడ్ బటన్ మీకు తప్ప ఎవరికీ ఉండకూడదు.

ఇంకో బాధ్యత మీ మీదకు వస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. ప్రధానమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి, అమల్లోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎవరిదైనా కస్టమరుకు జవాబుదారు మీరే. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. చిన్న షాపుకు అంత వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత తీవ్రంగా చూస్తోందో తెలియాలని చెప్తున్నాను. మీ అక్కగారికి ఆ ఫోన్ వచ్చినప్పుడు మీకెంత బాధ కలిగిందో, నంబరు ఇచ్చిన ప్రతి కస్టమరుకూ అంతే కలుగుతుంది.

చివరగా, జీతం, సర్టిఫికెట్లు. ఈ విషయంలో తప్పు మీదే, కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. ఒకరి చదువు కాగితాలు తాకట్టు వస్తువులు కావు. వేతనాల కోడ్ 2019 ప్రకారం, మానేసిన మనిషికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మీరు రెండు నెలలు దాటించారు. నేను నోటీసు పంపిన మరునాడే అతని లాయరు మొదట ఎత్తేది ఈ మాటే. కాబట్టి ఈ వారంలో జీతం బ్యాంకు ద్వారా వేయండి, సర్టిఫికెట్లు ఇద్దరు సాక్షుల ముందు అప్పగించి రసీదు రాయించుకోండి. ఆ రసీదు, జీఎస్టీ కాగితాలు, స్టాంపు పేపరు తీసుకుని రండి, నోటీసు అప్పుడు రాద్దాం.