మోడల్ విమానానికి రంగు వేసేటప్పుడు కానోపీని తాత్కాలికంగా దేనితో అంటించాలి?

మీరు కడపలో 1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు సైజు) స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడల్ కడుతున్నారు. పూర్తయ్యాక కానోపీ, అంటే పైలట్ కూర్చునే కాక్‌పిట్ మీది అద్దం మూత, తెరిచి పెట్టాలని ఉంది. కానీ రంగు వేసేంతవరకు అది మూసి ఉండాలి, తర్వాత గీత పడకుండా ఊడి రావాలి. ఇదే కదా మీ ప్రశ్న? నేను వాడేది మామూలు తెల్ల ఫెవికాల్. అనంతపురంలో ఇంట్లోనే కూర్చుని చాలా ఏళ్లుగా మోడల్స్ కడుతున్నాను. రెండు కానోపీలు పాడైన తర్వాత దీని దగ్గర స్థిరపడ్డాను.

ఆ రెండింటిలో ఒకటి మిగ్-21ది. 1963 నుంచి మన వాయుసేనలో ఉన్న విమానం, 2025 సెప్టెంబర్ 26న సెలవు తీసుకుంది. నాకు చాలా ఇష్టమైనది. కానోపీ కదలకూడదని సూపర్ గ్లూ ఒక్క చుక్క పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే అద్దానికి లోపలి వైపు తెల్లగా పొగ పట్టినట్టుంది. ఆ గ్లూ గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. మూసిన కాక్‌పిట్‌లో దానికి బయటికి పోయే దారి ఉండదు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు ఇంకా ప్రమాదం, అది ప్లాస్టిక్‌నే కరిగించి అతికిస్తుంది, ఇక ఊడదు.

ఫెవికాల్ ప్లాస్టిక్‌ను కరిగించదు, పైపైనే పట్టుకుంటుంది. ఆరితే కనబడదు, తడి తగిలితే మెత్తబడుతుంది. మనకు కావలసింది అంతే.

అయితే అన్ని అద్దాలనూ తాత్కాలికంగా అంటించనక్కర్లేదు. స్పిట్‌ఫైర్‌లో ముందున్న విండ్‌స్క్రీన్ కదలదు, మధ్యలోని హుడ్ మాత్రమే వెనక్కి జరుగుతుంది. కాబట్టి విండ్‌స్క్రీన్‌ను ఇప్పుడే శాశ్వతంగా అంటించి, సందులు పూడ్చేసి, హుడ్‌ను మాత్రం తాత్కాలికంగా పెట్టండి. కొన్ని కిట్లలో మూసి ఉంచడానికి ఒకే ముక్క, తెరిచి ఉంచడానికి విడి ముక్కలు, రెండూ ఇస్తారు. ఆ ఒకే ముక్కను రంగు లోపలికి పోకుండా మాస్కుగా వాడుకోవచ్చు. కానీ అసలు ముక్కలను పుల్లకు అంటించి, బాడీకి రంగు వేసే రోజే, అదే కలిపిన రంగుతో వేసేయాలి. ఇంకో రోజు కలిపితే ఛాయ తేడా వస్తుంది.

అంటించే ముందు ఫ్రేములు వదిలి అద్దాలకు మాస్కింగ్ టేప్ వేయండి. కాక్‌పిట్‌లో తడిపి పిండిన టిష్యూ పేపర్ వదులుగా పెట్టండి, సీటు మీద ఒత్తిడి పడకూడదు. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి, టూత్‌పిక్ మొనతో నాలుగు మూలలా చుక్కలు పెట్టండి. అంచంతా పూయకండి, తర్వాత ఊడదీయడం కష్టమవుతుంది. ఎక్కడైనా సందు కనిపిస్తే సన్నటి టేప్ ముక్క చాలు. ఆరాక ముందు ఫ్రేముల మీద కాక్‌పిట్ లోపలి ఆకుపచ్చ రంగు, దాని మీద బయటి రంగు వేయండి. లోపలి నుంచి చూసినప్పుడు ఫ్రేము సరైన రంగులో కనబడుతుంది. అంటించాక తడి ఎమరీ పేపర్‌తో రుద్దే పని పెట్టుకోకండి, నీళ్లు లోపలికి పోయి అతుకు వదులైపోతుంది. ఆ రుద్దుడంతా ముందే ముగించాలి.

ఊడదీసేటప్పుడే ఎక్కువ మంది తొందరపడతారు, నేనూ పడ్డాను. నా రెండో కానోపీ అలాగే పోయింది. రంగు పొర హుడ్‌నూ బాడీనీ కలిపి పట్టుకుని ఉంటుంది. నేరుగా లాగితే బాడీ మీది రంగు పెచ్చుగా లేస్తుంది. అందుకే ముందు కొత్త బ్లేడుతో అతుకు వెంట రెండు మూడు సార్లు తేలిగ్గా గీయండి. తర్వాత సన్న బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లు అతుకు మీద పెడుతూ పది పదిహేను నిమిషాలు ఆగండి. అప్పుడు టూత్‌పిక్‌తో ఒక మూల మెల్లగా తట్టితే చాలు. రాకపోతే మళ్లీ నీళ్లు పెట్టండి, బలం మాత్రం పెట్టకండి. ఆ సన్నటి ప్లాస్టిక్ చప్పుడు లేకుండా చీలుతుంది. మిగిలిన జిగురు తడి ఇయర్‌బడ్‌కు వచ్చేస్తుంది.

మీరు కడప అన్నారు కాబట్టి ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మాస్కింగ్ టేప్‌ను రోజుల తరబడి వదిలేస్తే దాని జిగురు అద్దానికి అంటుకుపోతుంది. రంగు ఆరిన రోజే తీసేయండి. ఒకవేళ మిగిలితే కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బునీళ్లతో కడగండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి, అద్దం మీద సన్నటి పగుళ్లు వస్తాయి. బ్లూ టాక్ లాంటి, మళ్లీ మళ్లీ వాడుకునే జిగురు ముద్దలు ముక్కను పుల్లకు పట్టించడానికి బాగుంటాయి గానీ, నా గదిలో మే నెలలో మెత్తబడి కానోపీ పక్కకు జరిగింది.

ఇక మా దగ్గర ఆషాఢం గాలికి కిటికీ ఎంత మూసినా సన్న దుమ్ము లోపలికి వస్తుంది. తాత్కాలికంగా అంటించడంలో నాకు దొరికిన పెద్ద లాభం ఇక్కడే. రంగు పని అయ్యాక హుడ్ తీసి, లోపలి వైపు కడిగి, కాక్‌పిట్‌ను మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పుడు తెరిచిన స్థానంలో చివరిసారిగా అంటిస్తాను. దానికీ ఫెవికాలే.